మందు వట్టి సాకేనా?

భ్రాంతులు కలిగించే మందులతో చేసే సైకెడెలిక్ చికిత్స గురించి, అందులో వాడే పుట్టగొడుగుల రసాయనం సైలోసైబిన్ గురించి, ఈమధ్య బాగా ప్రచారమవుతున్న మాట ఇది: "సైలోసైబిన్ వట్టి సాకు. నయం చేసేది మెత్తటి సోఫా, సంగీతం, పక్కన ఓపిగ్గా కూర్చున్న మనిషి." వినసొంపుగానే ఉంది. నిజం మాత్రం కాదు.

సోఫా సంగతే చూద్దాం. సైలోసైబిన్‌పై కంపాస్ అనే మందుల సంస్థ చేసి, 2022లో వెలువరించిన ప్రయోగంలో 233 మంది పాల్గొన్నారు. అందరిదీ మందులకు లొంగని డిప్రెషన్. అందరికీ కళ్లకు గంతలు, చెవిన సంగీతం, పక్కన శిక్షణ పొందిన మనిషి. తేడా మోతాదులోనే: ఒక జట్టుకు 25 మిల్లీగ్రాములు, మరో జట్టుకు 10, ఇంకో జట్టుకు 1. మూడు వారాలకు డిప్రెషన్ స్కోరు మొదటి జట్టులో సగటున 12 పాయింట్లు తగ్గింది, చివరి జట్టులో 5.4. వైద్యం చేసింది సోఫాయే అయితే అందరికీ ఒకేలా తగ్గాలి కదా? ఆ 5.4 మొత్తాన్నీ గది ఖాతాలోనే వేసుకోండి, పేచీ లేదు. మిగతాది ఎవరి ఖాతా? పెద్ద మోతాదు పడ్డవారికి ఆ విషయం తెలిసిపోతుంది, ఆ ఆశ కూడా కొంత పని చేస్తుంది అంటారు. గట్టి అభ్యంతరమే. కానీ ఆ సంగతి వాళ్లకు తెలియజేసింది కూడా మందే!

ఇక మందు వట్టి సాకు అనేవాళ్లకు బాగా ఇష్టమైన ఉదాహరణ. 2020లో ప్రచురితమైన మెక్‌గిల్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో, పార్టీలాంటి వాతావరణంలో 33 మందికి ఉత్తుత్తి మాత్రలిచ్చారు. 61 శాతం మంది ఏదో ఒక ప్రభావం కలిగిందన్నారు. కొందరికి గోడ మీది బొమ్మలు కదిలాయట. సరే, బొమ్మ కదిలింది. దిగులు కదిలిందా? అక్కడ ఎవరి డిప్రెషన్‌కూ చికిత్స జరగలేదు.

జ్యూరిచ్‌లో 1998లోనే తేలిన సంగతి ఒకటుంది: ముందుగా కెటాన్‌సెరిన్ అనే మరో మందు ఇచ్చి, మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే ఒక గ్రాహకాన్ని మూసేస్తే, సైలోసైబిన్ భ్రాంతులు రానే రావు. అంటే భ్రాంతులు తెచ్చేది గది కాదు, మందే.

వాళ్ల మాటలో నిజమున్నది ఒక్కచోట. 1960లలో టొరంటోలో మద్యానికి బానిసలైన రోగులను పట్టీలతో మంచానికి కట్టి ఎల్‌ఎస్‌డీ అనే మరో సైకెడెలిక్ మందు ఇచ్చారు; ప్రయోజనం కనబడలేదు. చెడ్డ గది మందును చెడగొట్టగలదు, ఒప్పుకుంటాను. నీళ్లు లేనిదే విత్తనం మొలవదని నీళ్లనే విత్తనమంటామా?

పోనీ, మంచి గది కావాలంటే 1962 గుడ్ ఫ్రైడే నాటి ప్రయోగం జరిగిన బోస్టన్ ప్రార్థనాలయం మార్ష్ ఛాపెల్‌ను మించినది ఏముంది? క్రైస్తవ వేదాంతం చదివే 20 మంది విద్యార్థులు, పైనుంచి స్పీకర్లలో వినిపించే ప్రసంగం. పదిమందికి సైలోసైబిన్, పదిమందికి భ్రాంతులు కలిగించని నికోటినిక్ ఆమ్లం అనే విటమిన్. గాఢానుభూతి దాదాపు అంతా మొదటి పదిమందిదే. ఆ పదిమందిలోనే ఒకరు కలతచెంది బయటికి వెళ్లిపోతే, వెనక్కి తెచ్చి సూది వేసి శాంతపరచాల్సి వచ్చింది. గది మాత్రం అందరికీ ఒకటే.