మారిషస్ మడచెట్లకు అంటిన నలుపు

సముద్రంలో చమురు ఒలికిందనగానే మనం ముందు అడిగేది ఎన్ని టన్నులని. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు ట్యాంకర్ ఓడ నుంచి దాదాపు 37 వేల టన్నులు పోయింది. 2020లో మారిషస్ దగ్గర వకాషియో అనే సరుకు ఓడ నుంచి పోయింది సుమారు వెయ్యి టన్నులు. అయినా దీన్ని చిన్న ప్రమాదమంటే నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆ వెయ్యి టన్నులూ వెళ్లి చేరింది పగడపు దిబ్బలు, మడ అడవులు ఉన్న లోతులేని నీళ్లలోకి.

మడచెట్టు బురద పైకి ఉన్న వేర్ల మీది సన్నని రంధ్రాలతో గాలి పీలుస్తుంది. కోరింగలో పడవెక్కి తిరిగినవాళ్లకు ఆ వేర్లు గుర్తుండే ఉంటాయి. పోటుతో వచ్చిన చమురు ఆటుతో వెనక్కి పోదు, వేర్లకు జిగురులా పట్టేస్తుంది. పోనీ కడుగుదామని మనుషులు దిగితే, కాళ్ల కింద నలిగి అదే చమురు బురద లోపలికి దిగబడుతుంది. అలాస్కాలో వేడినీళ్లతో రాళ్లు కడిగితే చమురుకు తట్టుకుని మిగిలిన జీవులూ చచ్చాయి.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఆలస్యం. ఫోన్ సిగ్నల్ కోసం ఒడ్డుకు దగ్గరగా వచ్చిన వకాషియో జులై 25న దిబ్బకెక్కింది. చమురు కారడం ఆగస్టు 6న మొదలైంది. మధ్యలో 12 రోజులు! సముద్రం అల్లకల్లోలంగా ఉందన్నారు, సరే. కానీ కారడం మొదలయ్యాక వారం తిరక్కుండా మిగిలిన సుమారు 3 వేల టన్నుల్లో దాదాపు అంతా తోడేశారు కదా, ఆ హడావిడి ముందే ఎందుకు లేదు?

అధికారులు మాకొదిలేయండి అంటున్నా అక్కడి తీర పట్టణం మాహెబోర్గ్ జనం ఆగలేదు. చమురును అడ్డుకోవడానికి ఎండిన చెరకాకును గుడ్డ సంచుల్లో కూరి, పొడవుగా కుట్టి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి నీళ్లలోకి వదిలారు. మోచేతుల దాకా నలుపు. నెలల తరబడి అక్కడ చేపల వేట ఆగిపోయింది.

పరిహారం దగ్గర ఇంకో అన్యాయం. ట్యాంకర్ మోసుకెళ్లే చమురు ఒలికితే సభ్యదేశాలు అంతర్జాతీయ నిధిని అడగొచ్చు. వకాషియో ఖాళీగా బ్రెజిల్ వెళ్తున్న సరుకు ఓడ, ఒలికింది దాని సొంత ఇంధనం, కాబట్టి ఆ నిధి వర్తించదు. మడచెట్టుకు ఆ తేడా తెలుసా? వేల టన్నుల ఇంధనంతో తిరిగే సరుకు ఓడలకూ అలాంటి నిధే పెట్టాలి, దానికి డబ్బు కట్టాల్సింది ఆ ఓడల యజమానులే.