కారిడార్‌లో చెప్పే కబురు కాదు

పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఏం చేయాలో పిల్లల డాక్టర్లకు కొట్టిన పిండి. ఒళ్లు తుడవాలి, వెచ్చగా ఉంచాలి, వీపు రుద్దాలి, అయినా ఊపిరి తీయకపోతే తొలి నిమిషంలోపే మాస్కుతో గాలి అందించాలి. 1987లో అమెరికాలో మొదలైన నవజాత శిశు పునరుజ్జీవన శిక్షణ తర్వాత ఎన్నో దేశాలకు విస్తరించింది. అందులో బొమ్మ మీద పదేపదే చేయించి తప్పులు దిద్దుతారు. అదే డాక్టరు గంట తర్వాత బయటికొచ్చి 'బిడ్డ మెదడుకు ఆక్సిజన్ అందలేదు' అని చెప్పాల్సి వస్తే మాత్రం, చాలాచోట్ల శిక్షణా ఉండదు, పక్కన సీనియరూ ఉండరు.

ఇలాంటి చేదు కబురు చెప్పడం అనుభవం మీద అదే వస్తుందంటారు. ఎవరిని పణంగా పెట్టి? డాక్టరు తడబడిన ప్రతిసారీ ఎదురుగా ఉన్నది బొమ్మ కాదు, ఒక కుటుంబం. వైద్యం వివరాలు మరిచిపోయిన తల్లిదండ్రులకు కూడా ఆ కబురు ఎవరు, ఏ మాటల్లో చెప్పారో ఏళ్ల తరబడి గుర్తుండిపోతుంది.

క్యాన్సర్ రోగులకు చేదు కబురు చెప్పేందుకు 2000లో 'స్పైక్స్' అనే ఆరు మెట్ల పద్ధతి వచ్చింది. అనువైన చోటు చూసుకోవడం, వారికి ఎంతవరకు తెలుసో అడగడం, వారి దుఃఖానికి తావివ్వడం అందులో ఉన్నాయి. మంచి పద్ధతే, కానీ పసికందుల ఇంటెన్సివ్ కేర్ విభాగానికి (ఎన్ఐసీయూ) ఉన్నదున్నట్టు అతకదు. ఇక్కడ రోగికి మాటలు రావు. సిజేరియన్ నుంచి తేరుకోని తల్లి వేరే వార్డులో ఉంటుంది. దాంతో తండ్రిని కారిడార్‌లో ఆపి నాలుగు ముక్కలు చెప్పి, 'ఆవిడకు అప్పుడే చెప్పకండి' అని పంపేస్తారు. దీన్ని దయ అనుకోలేం. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూసి తల్లి ఎలాగూ పసిగడుతుంది. తనకే సగం అర్థమైన సంగతిని భార్యకు వివరించాల్సిన భారం తండ్రి మీద పడుతుంది. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. తల్లి లేవలేకపోతే డాక్టరే ఆమె మంచం దగ్గరికి వెళ్లాలి.

అన్నిటికన్నా కష్టం, తెలియదని చెప్పడం. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న బిడ్డను 72 గంటలపాటు చల్లబరిచే చికిత్సలో ఉంచుతారు. ఆ మూడు రోజుల్లో 'మా బిడ్డ నడుస్తాడా?' అని అడిగితే, చాలాసార్లు నిజమైన జవాబు 'ఇప్పుడే చెప్పలేం' అనే. తప్పించుకుంటున్నట్టు కాకుండా, ఏ పరీక్ష కోసం చూస్తున్నామో, మళ్లీ ఎప్పుడు మాట్లాడతామో కూడా చెబుతూ ఆ మాట అనగలగడం సాధనతోనే వస్తుంది. పుట్టుకతోనే ఉండే జన్యు స్థితి డౌన్ సిండ్రోమ్ సంగతి వేరు. అక్కడ 'సారీ' అంటూ మొదలుపెట్టడమే తప్పు. బిడ్డ పుట్టినందుకు ముందు అభినందించాలి.

తల్లిదండ్రులుగా నటించేవారిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే శిక్షణ కొత్తదేమీ కాదు. వైద్యవిద్యలో నటులను రోగులుగా వాడటం 1960లలోనే మొదలైంది. ఖరీదైన యంత్రాలూ అక్కర్లేదు. దీన్ని పరీక్షలో భాగం చేయనంతకాలం విద్యార్థులు పట్టించుకోరు, కాబట్టి మార్కులు పెట్టాల్సిందే. తొలినాళ్లలో జూనియర్‌తోపాటు సీనియరో నర్సో తప్పక కూర్చోవాలి. ఎవరికి, ఏ మాటల్లో, ఎంతవరకు చెప్పారో కేస్ షీట్‌లో రాయాలి. లేకుంటే సాయంత్రం ఒకరు 'ఆశ ఉంది' అంటారు, రాత్రి డ్యూటీకి వచ్చినవారు 'లేదు' అంటారు.