లిప్‌సింక్ తేడా గారికి బహిరంగ లేఖ

బొమ్మలో పెదవులకీ వినబడే పాటకీ పొంతన కుదరనివ్వని మహారాజశ్రీ లిప్‌సింక్ తేడా గారి దివ్యసముఖానికి,

నిన్న రాత్రి టీవీలో ‘ఇల్ ట్రొవతోరే’ ఒపెరా రెండో అంకానికి తమరు వేంచేసి చేసిన సత్కారం మరువరానిది. సమ్మెట దాగలిని తాకి మళ్లీ పైకి లేచాక గానీ ‘ఠంగ్’ వినబడలేదు. అంత తీరుబడి గల ఇనుము ఇంకెక్కడా దొరకదు. 1853 నాటి ఆ ఒపెరాలో స్వరకర్త వెర్డీ దెబ్బల్ని తాళానికి రాశాడు స్వామీ, తమరి వీలుకి కాదు.

తమరి తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఒపెరా హౌస్‌లో వేదికకి 34 మీటర్ల దూరాన కూర్చుంటే అక్కడా పాట 100 మిల్లీసెకన్లు ఆలస్యంగానే చేరుతుంది కదా అంటారు. నిజమే. కానీ అంత దూరం నుంచి గాయని బొటనవేలంత కనబడుతుంది. ఇక్కడ టీవీలో కెమెరా ఆవిడ కొండనాలుక దాకా వెళ్లి వస్తుంది. (క్లోజప్ మోజు తీరని వీడియో దర్శకులకు వేరే ఉత్తరం బాకీ.) శబ్దం ముందొస్తే 45, వెనకొస్తే 125 మిల్లీసెకన్ల దగ్గర మనిషి పసిగట్టేస్తాడని ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) ప్రమాణం. బ్లూటూత్ హెడ్‌ఫోన్ తగిలిస్తే తమరు సునాయాసంగా 200 దాకా సాగుతారు. ‘మ్యాజిక్ ఫ్లూట్’ ఒపెరాలో రాత్రి రాణి హై ఎఫ్ అనే తారాస్థాయి స్వరం అందుకునే చోట ఒక్కో స్వరం సూదిలా గుచ్చుకోవాలి. తమరి దయవల్ల ఆవిడ నోరు ఒక స్వరం మీద, గొంతు దాని ముందు స్వరం మీద. ‘లా త్రావియాతా’ ఒపెరా చివర్లో నాయిక వియొలెట్టా ఆనందంతో కేక వేసి నేలకూలాలి; తమరి పుణ్యమా అని నేలకూలాక తాపీగా కేక వేస్తుంది.

టీవీ సెట్టింగ్స్‌లో ‘ఆడియో డిలే’ అని ఒకటుంది. అది శబ్దాన్ని వెనక్కి మాత్రమే నెడుతుంది. టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ కూర్చుంటే బయటి యాంప్లిఫయర్ ముందే పాడేస్తుంది చూడండి, అప్పుడు పనికొస్తుంది. సున్నా నుంచి కొంచెం కొంచెంగా పెంచుతూ, దెబ్బా చప్పుడూ కలిసిన చోట ఆపాలి. టీవీకీ యాంప్లిఫయర్‌కీ ఈఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగ మీద యాంప్లిఫయర్‌కి పంపే ఏర్పాటు) ఉంటే ఆ లెక్క అవే చూసుకోవాలి.

మరి శబ్దమే వెనకబడితే? లాగడానికి మీట లేదు! ఆ డిలే పెంచితే తేడా ఇంకా పెరుగుతుంది. టీవీలో గేమ్ మోడ్ (బొమ్మకి మెరుగులు తగ్గించే సెట్టింగ్) పెట్టమనే సలహాదారులకు ఒక దండం. అది బొమ్మని తొందరపెడుతుంది, పాట ఇంకాస్త వెనకబడుతుంది. చేయాల్సింది బొమ్మని కాసేపు ఆపి ఉంచడం, అంతే. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ఆ పని చేస్తోందిగా. జె నొక్కితే పాట 50 మిల్లీసెకన్లు ముందుకి, కె నొక్కితే అంతే వెనక్కి. రెండు అక్షరాల పని, ఇంత పెద్ద టీవీకి చేతకాలేదా?

ఇంక ఈ మర్యాదలు నావల్ల కాదు. పోనీ ఒకచోట కుదురుగా ఉంటావా అంటే అదీ లేదు. స్ట్రీమింగ్‌లో ఒక్కోసారి అంకం మొదట్లో బుద్ధిగా ఉండి, పోనుపోనూ జారతావు. ఆపి, పది సెకన్లు వెనక్కి తిప్పితే గానీ దారికి రావు. అలా తిప్పిన ప్రతిసారీ సబ్‌టైటిల్స్ మాయం. అదీ నీ బంధుగణమే అయ్యుంటుంది.

రేపటి నుంచి వైరున్న హెడ్‌ఫోనే. సోఫా దాకా మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ గది మధ్యలో అడ్డంగా పడి ఉంటుంది. ఎవరైనా కాలు తట్టుకుని పడితే పడనీ, ఆ చప్పుడైనా వేళకి వినబడుతుంది.