ఫర్నేసు గారికి ఒక మనవి

మహారాజశ్రీ ప్రయోగశాల ఫర్నేసు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు వేడిగానే ఉన్నారని తలుస్తాను. గాజు క్షేమమే సందేహంగా ఉంది.

1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ అనే శాస్త్రవేత్త ఎముకతో అతుక్కునే గాజును, అదే బయోగ్లాస్‌ను, సృష్టించినప్పుడు పురుడు పోసింది తమ వంశమే, కాదనను. సిలికా, సున్నం, సోడా, కాస్త ఫాస్ఫేటు కలిపి, 1300 డిగ్రీలు దాటించి కరిగించారు. అలా పుట్టిన, 45ఎస్5 అని పేరుపెట్టిన ఆ గాజును ఎలుకల తొడ ఎముకలో పెడితే ఎంత లాగినా ఊడిరాలేదు. అంత ఘనకార్యం చేశాక విశ్రాంతి తీసుకోవచ్చు కదా!

తీసుకోరు. ఎముకలో లోటు పూడ్చే, లోపలంతా సన్నని సందులున్న దిమ్మె కావాలంటే గాజు పొడిని మళ్లీ తమ కడుపులోనే పెట్టాలి. రేణువులు అతుక్కోవాలంటే గాజు మెత్తబడి కాస్త జారాలి. 550 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. 600 దాటాక, ముహూర్తానికి ముందే అక్షింతలు చల్లినట్టు, తమరు సోడియం కాల్షియం సిలికేటు స్ఫటికాలు పుట్టిస్తారు. ఇక గాజు జారదు, అతుకు సగంలో ఆగుతుంది. పోనీ బలం కోసం 1000 దాకా కాల్చితే దిమ్మె గట్టిపడుతుంది, ఎముకతో కలిసే చురుకు తగ్గుతుంది.

పరమాణువులు అస్తవ్యస్తంగా ఉండటమే ఈ గాజు సుగుణం స్వామీ! అందుకే శరీరద్రవం తగలగానే సోడియం, కాల్షియం వదిలి, పైన ఎముక ఖనిజం లాంటి ఆపటైటు పొర కట్టుకుంటుంది. తమరేమో ఆ పరమాణువులను వరుసలో నిలబెట్టి క్రమశిక్షణ నేర్పుతారు. (ఇలాంటి మాస్టార్లు మా బడిలోనూ ఉండేవారు.) పొర రావడం మానదు, ఆలస్యమవుతుంది. విరిగిన ఎముక తమ తీరిక కోసం కాచుకోవాలా?

విసిగినవారు గాజునే మార్చారు. సిలికా పెంచి, పొటాషియం, మెగ్నీషియం చేర్చిన 13-93 అనే గాజు తొందరపడి స్ఫటికం కట్టదు, చక్కగా అతుక్కుంటుంది. కాకపోతే ఎముకతో స్నేహానికి కాస్త నిదానం. బ్రెజిల్‌వారైతే పూర్తిగా స్ఫటికంగా మార్చిన బయోసిలికేట్ అనే పదార్థం చేసి, దాని చురుకునూ నిలుపుకున్నారు. ఇది విని తమరు మీసం తిప్పనక్కరలేదు. అక్కడ వేడిని మెట్లుమెట్లుగా లెక్కకట్టి నడిపింది మనుషులు.

తమరిని మారమని అడిగే సాహసం లేదు. తెర మీద ఒక అంకె చూపిస్తూ, వెనుక గోడ దగ్గర ఇంకో వేడి దాచుకునే అలవాటు ఒక్కటి మానండి చాలు. రేపు ఉదయం కొత్త పొడితో వస్తున్నాను.

ఇట్లు,
తమరి ముందు కాపలా కాసే పరిశోధక విద్యార్థి