ఆకాశం నుంచి బిట్‌కాయిన్ చిట్టా: లోపాలు దిద్దుకోవచ్చు, మేలు వదులుకోరాదు

బిట్‌కాయిన్ అనే క్రిప్టోకరెన్సీ లావాదేవీల చిట్టాను ఉపగ్రహాల ద్వారా ప్రసారం చేయడం అవసరమా, ఆడంబరమా అన్న చర్చ 2017 నుంచీ సాగుతూనే ఉంది. ఆడమ్ బ్యాక్ నేతృత్వంలోని బ్లాక్‌స్ట్రీమ్ సంస్థ ఆ ఏడాది ఆగస్టులో, అద్దెకు తీసుకున్న వాణిజ్య ఉపగ్రహాల ద్వారా ఈ సేవను ప్రారంభించింది. 2018 చివరికల్లా ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి విస్తరించింది. 2020లో మొత్తం చిట్టాను మొదటి బ్లాకు (కొన్ని లావాదేవీలను కలిపి కట్టిన కట్ట) నుంచీ ఆకాశం నుంచే దింపుకొనే ఏర్పాటు చేసింది. ధరల ఎగుడుదిగుళ్లు, మన దేశంలోని 30 శాతం పన్ను పాఠకులకు తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. క్రిప్టోకరెన్సీ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఈ ప్రసారానికున్న లోపాలు దిద్దుకోదగినవనీ, దాని వల్ల ఒనగూరే మేలు మాత్రం ఇంటర్నెట్ ఎంత విస్తరించినా దొరకనిదనీ నా దృఢమైన అభిప్రాయం.

ఆ మేలు ఏమిటో కాస్త వివరంగా చూడాలి. బిట్‌కాయిన్ వ్యవస్థలో ఒక్కో నోడ్, అంటే చిట్టాను తనిఖీ చేసే ఒక్కో కంప్యూటర్, ఇంటర్నెట్‌లోని కొద్దిపాటి ఇతర నోడ్లతో మాత్రమే నేరుగా మాట్లాడుతుంది. ఆ పొరుగు నోడ్లన్నీ ఒకే మోసగాడి చేతిలో పడితే అతడు చూపించిందే అది చూస్తుంది. దీన్ని ఎక్లిప్స్ దాడి అంటారు. సొమ్ము జమైందని నమ్మి వ్యాపారి సరకు అప్పగించేస్తాడు. తీరా చూస్తే మిగతా ప్రపంచం ఆమోదించిన చిట్టాలో ఆ చెల్లింపు ఉండనే ఉండదు. ఇంటి మీద చిన్న డిష్, దానికి తగిన రిసీవర్ ఉంటే, సగటున పది నిమిషాలకొకటి చొప్పున పుట్టే కొత్త బ్లాకులు ఇంటర్నెట్‌తో నిమిత్తం లేకుండా అందుతాయి. పైనుంచి వచ్చినదాన్ని గుడ్డిగా నమ్మాల్సిన పని కూడా లేదు. ప్రతి బ్లాకు వెనుకా అపారమైన గణన శ్రమ ఉంటుంది. అది నిజంగా జరిగిందో లేదో ఇంట్లోని కంప్యూటర్ క్షణాల్లో తేల్చేస్తుంది. కాబట్టి ప్రసార సంస్థ చౌకగా దొంగ బ్లాకును సృష్టించలేదు. మహా అయితే నిజమైన బ్లాకును పంపకుండా దాచగలదు. అలా దాస్తే ఇంటర్నెట్ వైపు నుంచి బయటపడుతుంది. రెండు దారులూ ఒకదానినొకటి తనిఖీ చేసుకుంటాయి. మోసం నెగ్గాలంటే ఆ రెండింటినీ ఒకేసారి వశం చేసుకోవాలి.

తీగ తెగినప్పుడు ఈ రెండో దారి విలువ మరింత తెలుస్తుంది. 2022 జనవరి 15న అగ్నిపర్వతం బద్దలై టోంగా దీవులను బయటి ప్రపంచంతో కలిపే సముద్రగర్భ కేబుల్ తెగిపోతే, దాన్ని బాగు చేయడానికి ఐదు వారాలకు పైగా పట్టింది. కశ్మీర్‌లో తీగ తెగలేదు, ఆదేశంతో ఆగింది: 2019 ఆగస్టులో నిలిపివేసిన సేవల్లో 4జీ మళ్లీ పూర్తిగా అందేసరికి 2021 ఫిబ్రవరి వచ్చింది.

ఈ ప్రసారం ఏకముఖమైనదనీ, చిట్టాను చూడగలిగినా కొత్త లావాదేవీని పంపడానికి మరో మార్గం వెతుక్కోవాల్సిందేననీ విమర్శకులు అంటారు. అది నిజమే. అయితే ఒక లావాదేవీ పరిమాణం సాధారణంగా కొద్ది వందల బైట్లే. ఎస్ఎంఎస్‌ల ద్వారానైనా పంపవచ్చు. బరువంతా దింపుకోవడంలోనే ఉంది, ఆ బరువును ఉపగ్రహం మోస్తుంది. జోరువానలో సిగ్నల్ బలహీనపడుతుందన్నదీ, కావాలనుకున్నవారు దాన్ని జామ్ చేయగలరన్నదీ కాదనలేం. వీటన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది: ఒకే సంస్థ అద్దె కడుతోంది, ఒకే సంస్థ నిర్ణయిస్తోంది. అది చేతులెత్తేసిన రోజున ఆకాశం మూగబోతుంది. దీనికి విరుగుడు ప్రసారకర్తలు పెరగడమే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఈ ప్రసారంలో శ్రోత అజ్ఞాతంగా ఉండగలగడం. ఇంటర్నెట్‌లో ఏ సమాచారం అడిగినా, అడిగినవారి జాడ ఎక్కడో నమోదవుతుంది. మన దేశంలో 2025లో లైసెన్సు పొందిన స్టార్‌లింక్ వంటి ద్విముఖ ఉపగ్రహ ఇంటర్నెట్ సేవల్లోనూ ప్రతి టెర్మినల్‌నూ గుర్తించనిదే కనెక్షన్ ఉండదు. ప్రసారంలో అలా కాదు. ఎవరు వింటున్నారో పంపేవాడికి తెలియదు, తెలియాల్సిన పని లేదు. ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. నెలవారీ చందా లేని డీడీ ఫ్రీ డిష్ ఛానళ్లు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. జీపీఎస్ కచ్చితత్వాన్ని పెంచే మన దేశపు గగన్ వ్యవస్థ సంకేతాలను మోసే ఉపగ్రహాల్లో అదీ ఒకటి. 2017లో ఓఖీ తుపాను సమయంలో, అప్పటికే నడిసంద్రంలో ఉన్న మత్స్యకారులకు హెచ్చరికలు చేరలేదు. రెండేళ్ల తర్వాత హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సమాచారాన్ని గగన్ ద్వారా పడవలకు చేరవేసే జెమిని పరికరం వచ్చింది. సెల్ టవర్ అందని చోట ఆ చిన్న పెట్టె తుపాను కబురును అందుకొని, బ్లూటూత్ ద్వారా మత్స్యకారుడి ఫోన్‌లో చూపిస్తుంది. దాని నుంచి తిరుగు సందేశం పంపే వీలు లేదు. అంతమాత్రాన దాన్ని పనికిరానిదని ఎవరూ తీసిపారేయలేదు.

మత్స్యకారుడి విషయంలో సహజమని ఒప్పుకొన్నదాన్ని, బహిరంగంగా ఎవరైనా చదవగలిగే ఒక చిట్టా విషయంలో అనుమానించడం తగదు. అక్రమ ధనం కదలికలను ఆపాలంటే రూపాయి, క్రిప్టో చేతులు మారే ఎక్స్ఛేంజీల దగ్గర నిఘా పెట్టాలి. డిష్ పెట్టుకొన్నవాడి ఇంటి మీద కాదు. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం కింద నిబంధనలు రూపొందించేటప్పుడు కేవలం స్వీకరించే పరికరాలను, సంకేతాలు పంపే పరికరాలను విడివిడిగా చూడాలి. మొదటి రకానికి లైసెన్సు గానీ, వినియోగదారుల నమోదు గానీ అక్కర్లేదని కేంద్రం స్పష్టంగా రాసిపెట్టాలి. విశ్వవిద్యాలయాలు, లాభాపేక్ష లేని సంస్థలు ట్రాన్స్‌పాండర్లలో (ఉపగ్రహాల్లో సంకేతాలను అందుకొని తిరిగి పంపే పరికరాల్లో) కొంత భాగాన్ని సరసమైన అద్దెకు తీసుకొని ఇటువంటి బహిరంగ సమాచారాన్ని ప్రసారం చేసే వీలు కల్పించాలి.