కట్టును తిడితే ఎముక అతకదు

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే ఎముకల వార్డులకు పని పెరుగుతుంది. డాబాల మీద గాలిపటాలు, అమ్మమ్మ ఊళ్లో జామచెట్లు, కొత్తగా కొన్న సైకిళ్లు. పడిపోతున్న పిల్లవాడు తనకు తెలియకుండానే అరచేతిని నేలకు ఆనిస్తాడు. ఒంటి బరువంతా మోచేతి మీదకు వస్తుంది. మోచేతికి కాస్త పైన, దండచేతి ఎముక పలచబడే చోట అది విరుగుతుంది. పిల్లల మోచేతి విరుపుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఐదు నుంచి ఏడేళ్ల వయసులో మరీ ఎక్కువ. ఆ విరుపును ఆనుకునే ముంజేతికి రక్తం తీసుకెళ్లే ధమని, వేళ్లను ఆడించే నరం ఉంటాయి. వాచిన చేతిని పొత్తిళ్లలో పెట్టుకుని ఎక్కడికి పరుగెత్తాలో ఆ క్షణంలో చెప్పడానికి డాక్టరు ఉండడు. ఇంట్లో పెద్దలు, ఇరుగుపొరుగు చెబుతారు. చాలా ఊళ్లలో వారి నోట వచ్చే మొదటి మాట ‘కట్టు వేయిద్దాం’ అనే.

రాయలసీమలో, ఉత్తర తమిళనాడులో, కర్ణాటక సరిహద్దు పల్లెల్లో ఆ మాటంటే పుత్తూరు కట్టే. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పీలికలతో శతాబ్దానికి పైగా తరం తర్వాత తరం వేస్తున్న కట్టు అది. దాన్ని పూర్తిగా మూఢనమ్మకమని కొట్టిపారేసేవారితో మేము ఏకీభవించం. ఎముకకు తనంతట తాను అతుక్కునే గుణం ఉంది. పక్కకు జరగని చిన్న విరుపును కదలకుండా ఉంచగలిగితే చాలు, ప్రకృతి తన పని తాను చేసుకుపోతుంది. పిల్లల ఎముక మీది పొర మందంగా ఉంటుంది. ఎముక చాలాసార్లు పచ్చికొమ్మలా ఒకవైపు చిట్లి రెండోవైపు వంగుతుందే తప్ప రెండు ముక్కలు కాదు. కొద్దిపాటి వంకరలను ఎదుగుదలే సరిచేస్తుంది కూడా. కట్టు వేయించుకున్నవారిలో ఎందరో బాగుపడి తిరుగుతున్నారంటే కారణం ఇదే. వారు అబద్ధం చెప్పడం లేదు.

ప్రమాదమంతా మిగిలినవారి విషయంలోనే. ఏ విరుపు తనంతట తాను అతుకుతుందో, ఏది చేతినే మింగేస్తుందో పైనుంచి తడిమి చెప్పడం ఎవరి వల్లా కాదు. దానికి ఎక్స్‌రే కావాలి. వాచిన మోచేతికి బద్దలు పెట్టి బిగించి కడితే లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది, బయట కట్టు చోటివ్వదు. కండరాలకు రక్తం అందదు. ఆ స్థితి ఆరు గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కండరం మళ్లీ బతకదు. బిగుతు కట్టు వల్ల ముంజేయి ఎండి, వేళ్లు లోపలికి ముడుచుకుపోయే ఈ వైకల్యాన్ని జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ వోల్క్‌మన్ 1881లోనే వర్ణించాడు. అది నేటికీ ఆయన పేరుతోనే వైద్య పుస్తకాల్లో ఉంది. అంతకాలంగా తెలిసిన, పూర్తిగా నివారించదగిన నష్టం ఇంకా మన పిల్లలకు జరుగుతూ ఉండడాన్ని ఈ పత్రిక సహించలేకపోతోంది.

న్యాయంగా చెప్పాలంటే ఆసుపత్రిలో వేసిన పిండికట్టు కింద కూడా ఇదే జరగవచ్చు. తేడా ఆ తర్వాతి గంటల్లో ఉంది. మంచి వార్డులో నర్సు వచ్చి పిల్లవాడి గోరు నొక్కి వదులుతుంది. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టమంటుంది. వేలి కొసలు వంగకపోతే నరానికి దెబ్బ తగిలిందని అనుమానించాలి. ముడుచుకున్న వేళ్లను మెల్లగా చాపి చూస్తుంది. పిల్లవాడు కెవ్వుమంటే ఆలస్యం చేయకుండా కట్టు విప్పాల్సిందే. అప్పటికీ నొప్పి తగ్గకపోతే ముంజేతి మీద చర్మాన్ని, కండరాల పొరను పొడవునా కోసి బిగువు వదిలించాలి. మణికట్టు దగ్గర నాడి అందుతోంది కదా అని ధైర్యపడడానికి లేదు, నాడి పోయేది చివరన. విరుపు ఎంతదైనా కదలకుండా పెట్టాక నొప్పి గంటగంటకు తగ్గాలి. పెరుగుతోందంటే లోపల ఏదో జరుగుతోందన్నమాట. కట్టు వేయించుకుని వంద కిలోమీటర్ల దూరం బస్సెక్కి ఇంటికి చేరిన పిల్లవాడికి అర్ధరాత్రి నొప్పి పెరిగితే ఈ పరీక్షలు చేసేదెవరు? ‘కట్టన్నాక నొప్పి ఉంటుందిలే, ఓర్చుకో’ అని ఇంట్లో చెబుతారు. ఆ ఓర్పుకు చెయ్యే మూల్యమవుతోంది.

మరి జనం ఎందుకు వెళుతున్నారు? చదువు లేక అని సరిపెట్టుకోవడం సులువు. ఉద్యోగస్తులు, పట్నవాసులు కూడా కట్టు కోసం వరుసలో నిలబడుతున్నారు. కట్టు వేసేవారు వచ్చిన వెంటనే చూస్తారు. రాడ్డు, ప్లేటు, బోల్టులు అన్న మాట ఎత్తరు. మత్తు ఇంజెక్షను గురించి సంతకాలు అడగరు. తీసుకునే డబ్బు తక్కువ. ఇటు మన ఆసుపత్రుల్లో ఏముంది? పెద్ద ఆసుపత్రులకు కొదవ లేదు. పంజగుట్టలోని నిమ్స్ పుట్టిందే నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా. పుత్తూరుకు గంట ప్రయాణంలో, తిరుపతిలో, దేవస్థానం ఎముకల వైద్యానికే ప్రత్యేకంగా బర్డ్ ఆసుపత్రిని నడుపుతోంది. కొరతంతా ఊరికీ ఆ పెద్ద ఆసుపత్రికీ మధ్యనే. ప్రాంతీయ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఉన్న రోజు మత్తు డాక్టరు ఉండరు. ఇద్దరూ ఉంటే విరిగిన చోటును తెర మీద చూపే సీ-ఆర్మ్ యంత్రం మరమ్మతులో ఉంటుంది. ఆదివారం సాయంత్రం చెయ్యి విరిగితే చేతికి వచ్చేది జిల్లా ఆసుపత్రికి రాసిచ్చిన కాగితం ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023లో 10 లక్షల రూపాయలకు పెంచారు. మంచిదే. కానీ పిల్లవాడి మంచం పక్కన కూర్చున్న తల్లి పోగొట్టుకునే కూలిని, రానుపోను చార్జీలను ఏ కార్డూ తీర్చదు. మోచేతి విరుపుకు నిజానికి పెద్ద కోత కూడా అక్కర్లేదు. మత్తిచ్చి, ఎముకను సరిచేసి, రెండు మూడు సన్నని తీగలు చర్మం మీదుగానే గుచ్చి, మూడు నాలుగు వారాల తర్వాత లాగేస్తారు. ఈ మాత్రం పనికి నూరు కిలోమీటర్లు వెళ్లాల్సి రావడమే అన్యాయం.

కట్టు వేసేవారిని శత్రువులుగా చూడనక్కర్లేదని ఎముకల వైద్య చరిత్రే చెబుతుంది. బ్రిటన్‌లో ఆధునిక ఆర్థోపెడిక్స్‌కు ఆద్యుడిగా చెప్పే హ్యూ ఓవెన్ థామస్ వేల్స్‌లోని కట్టు వైద్యుల వంశంలో పుట్టాడు. లివర్‌పూల్‌లో తండ్రి చేసేది అదే వృత్తి. కొడుకు వైద్య పట్టా పుచ్చుకున్నాడు, తండ్రి చేతివాటాన్ని వదులుకోలేదు. ఆయన రూపొందించిన తొడ బద్దను మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం చేత వాడించాడు. తొడ ఎముక విరిగిన సైనికుల్లో అంతకుముందు 80 శాతం దాకా చనిపోయేవారని, ఆ బద్ద వచ్చాక మరణాలు 20 శాతం లోపుకు దిగాయని చెబుతారు. మన రోడ్ల మీద ప్రమాదాల్లో తొడ విరిగినవారికి నేటికీ అదే బద్ద కడుతున్నారు. వంశపారంపర్యంగా వచ్చిన నేర్పుకు శరీరశాస్త్ర జ్ఞానం తోడైతే ఫలితం ఆ స్థాయిలో ఉంటుంది.

అందుకే జిల్లా వైద్యాధికారులు కట్టు వేసేవారిని పిలిచి కూర్చోబెట్టి కొన్ని విషయాల్లో రాజీ లేదని స్పష్టం చేయాలి. ఎక్స్‌రే లేకుండా కట్టు వేయకూడదు. చర్మం చీలి ఎముక బయటపడిన గాయాన్ని ముట్టుకోకూడదు. దాని మీద పసరు పూస్తే ఎముకలోకి చీము చేరుతుంది. అటువంటివారికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, కాబట్టి 108కు ఫోన్ చేసి పంపేయాలి. పిల్లల మోచేతిని, పెద్దల తుంటిని, వెన్నును ముట్టుకోకూడదు. ఏ కట్టుకైనా వేళ్ల కొసలు బయటికి కనిపించాలి, నొప్పి పెరిగితే ఎక్కడున్నా సరే వెంటనే కత్తిరించమని మనిషికి చెప్పి పంపాలి. మోచేతికి నూనె రాసి మర్దన చేసే అలవాటును ఇళ్లలో కూడా మానాలి. దానివల్ల కండరంలో ఎముక గట్టిపడి చెయ్యి శాశ్వతంగా బిగుసుకుపోయే ముప్పు ఉంది.

పిల్లల గురించి ఇంత చెప్పాక ఇంట్లో మరో మూల మంచాన పడి ఉన్నవారిని మరవలేం. రాత్రి స్నానాలగది తడి నేల మీద జారిన 70 ఏళ్ల అవ్వకు తుంటి విరుగుతుంది. ‘ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే, కట్టు వేసి పడుకోబెడదాం’ అంటారు కన్నబిడ్డలే, ప్రేమతోనే. ఆ ప్రేమ ఆమెను చంపుతుంది. కదలకుండా పడుకున్న ముసలి శరీరానికి వీపున పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. వయసు మీరింది కాబట్టే తొందరగా ఆపరేషన్ చేసి మర్నాడే నిలబెట్టాలన్నది ఈనాటి వైద్యం మాట. ఇంగ్లండ్‌లో 36 గంటల్లోపు తుంటి ఆపరేషన్ పూర్తి చేసి, తగిన సంరక్షణ ఇచ్చిన ఆసుపత్రికి 2010 నుంచి అదనపు సొమ్ము చెల్లిస్తున్నారు. మన దగ్గర షుగరు తగ్గాలని, బీపీ దిగాలని, అనుమతి రావాలని వారం గడిచిపోతుంది. నిజానికి హెచ్చరిక చాలా ముందే వచ్చి ఉంటుంది. యాభై దాటిన స్త్రీకి చిన్నపాటి జారుడుకే మణికట్టు విరిగితే ఆమె ఎముకలు గుల్లబారుతున్నట్టే. ఆ రోజు పిండికట్టు వేసి పంపేయకుండా ఎముకల సాంద్రత పరీక్ష రాసి, మందు మొదలుపెడితే పదేళ్ల తర్వాత విరిగే తుంటిని కాపాడవచ్చు.

రెండు తెలుగు ప్రభుత్వాలనూ మేము కోరేది ఇది. ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు, పనిచేసే సీ-ఆర్మ్ ఒకే సమయంలో ఉండాలి, రాత్రులూ ఆదివారాలూ సహా. విరిగిన మోచేయితో వచ్చిన పిల్లవాడు, విరిగిన తుంటితో వచ్చిన వృద్ధురాలు ఆసుపత్రి గడప తొక్కిన గంటకూ ఆపరేషన్ బల్ల ఎక్కిన గంటకూ మధ్య ఎంతసేపు ఆగారో నెలనెలా లెక్క కట్టి, ఆసుపత్రి పేరుతో సహా ప్రచురించాలి. ఆ పట్టికను మొదటి పేజీలో అచ్చువేయడానికి ఈ పత్రిక సిద్ధంగా ఉంది.