హాంగ్ మ్యుంగ్-బోను 2014తోనే కొలవకండి

దక్షిణ కొరియా ఫుట్‌బాల్ కోచ్ హాంగ్ మ్యుంగ్-బో గురించి మీరు రాసింది చదివాను. సగం వ్యాసం 2014 ప్రపంచకప్ ఓటమికే పోయింది, అది నాకు బాధనిపించింది.

2002 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ టీవీలో చూసినవాళ్లెవరూ ఆయన్ని మర్చిపోరు. గ్వాంగ్జులో స్పెయిన్‌తో పెనాల్టీ షూటౌట్. స్పెయిన్ ఆటగాడు హోకిన్ కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ కాదు, కొరియా గోల్‌కీపర్ లీ ఊన్-జే ఆపేశాడు. ఇక ఐదో కిక్ కెప్టెన్ హాంగ్‌ది. టెన్షన్‌తో మాకే ఊపిరాడలేదు, ఆయన మాత్రం నిదానంగా వచ్చి బంతిని నెట్‌లోకి పంపాడు. ఎప్పుడూ రాయిలా ఉండే ఆ ముఖం ఒక్కసారిగా నవ్వుతో విచ్చుకుంది. చేతులు చాపి పరిగెత్తాడు. నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

వరుసగా నాలుగు ప్రపంచకప్‌లు ఆడిన డిఫెండర్ ఆయన. 2002లో టోర్నీ మూడో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రాంజ్ బాల్ కూడా అందుకున్నాడు. వెనక నిలబడి ఆట మొత్తాన్ని చదివే లిబరో అంటే నాకు ఆయనే.

కోచ్‌గా 2012 లండన్ ఒలింపిక్స్‌లో జపాన్‌ను 2-0తో ఓడించి కాంస్యం తెచ్చాడు. రెండేళ్లకే బ్రెజిల్ ప్రపంచకప్‌లో ఒక్క విజయం కూడా లేకుండా తిరిగొస్తే, విమానాశ్రయంలో జట్టు మీదికి యోట్ మిఠాయి విసిరారు. అక్కడ అది పెద్ద అవమానం. ఆ మనిషే కొరియా క్లబ్ ఉల్సాన్‌కు 2022లో, 17 ఏళ్ల తర్వాత, లీగ్ టైటిల్ తెచ్చాడు. మరుసటి ఏడాది మళ్లీ గెలిపించాడు. దీనికి మీ వ్యాసంలో ఒక్క వాక్యమేనా?

2024లో ఆయన్ని మళ్లీ జాతీయ కోచ్‌గా ఎంపిక చేసిన తీరు మీద అభిమానుల కోపం న్యాయమైనదే. కానీ దానికి జవాబు చెప్పాల్సింది ముందు ఫుట్‌బాల్ సంఘం.